రంగులరాట్నము, అన్నపుమూట: దేశదేశముల వినోదవనములు



తిరునాళ్ల యన నెట్టిదో ఎ.కొండూరు ప్రాంతపు పెద్దలకు నేను చెప్పవలసిన పని లేదు. మునేటి యొడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి తిరునాళ్లకును, నెమలి వేణుగోపాలస్వామివారి యుత్సవమునకును గూడుబండ్లు కట్టుకొని పోయినవారు మీలో ననేకులు కలరు. బండిలో గడ్డి, గడ్డిపై దుప్పటి, దుప్పటిపై పిల్లలు, పిల్లల నడుమ పులిహోర గిన్నె, పెరుగన్నపు మూట. దర్శనమైన పిమ్మట చెట్టునీడను మూట విప్పుట, పిల్లలను రంగులరాట్న మెక్కించుట, ముసలివారు గట్టుపై కూర్చుండి చూచుట. రాట్న మెక్కినవాడు డబ్బు చెల్లించెను, చూచినవాడు చెల్లింపలేదు. కాని తిరునాళ్ల యిద్దఱికిని దక్కెను. దానికి ప్రహరీ లేదు, ద్వారము లేదు, వలదని చెప్పు కావలివాడును లేడు.

కొన్నియేండ్ల క్రిందట మా కుటుంబమువారితో నేనొక పెద్ద వినోదవనమునకు పోయితిని. దాని పేరు చెప్పుట యనవసరము. ద్వారముకడ కావలివాడు మా మేనత్తగారి సంచి విప్పించి, యందలి పులిహోర డబ్బా లోపలికి రాకూడదనెను. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. "నాయనా, ఇది యమ్ముకొనుటకు కాదు, పిల్లలకు పెట్టుకొనుటకు" అని యామె చెప్పెను. అతడును మర్యాద గలవాడే. "అమ్మా, ఈ నియమము నేను పెట్టినది కాదు" అనెను. ఎంత బ్రతిమాలినను ఆమె డబ్బా విడిచి లోపలికి రాలేదు. ప్రహరీనీడను కూర్చుండెను. మాలో నొక్కొక్కరము వంతులవారీగా ఆమెకడ నుంటిమి. పిల్లలు లోపల మిక్కిలి సంతోషించిరి.

ఆ దినము మొదలు నన్నొక ప్రశ్న వెంటాడుచున్నది. తిరుగు చక్రములు, జారుడుబండలు, యంత్రపు రైళ్లు దేశదేశములందు నించుమించుగా నొక్కటే. మఱి వచ్చు జనుల యాచారము లొక్కటి కావు గదా. అట్టిచోట వనము జనులకు లోబడునా, జనులు వనమునకు లోబడుదురా? దీనికి చరిత్ర చెప్పు సమాధానమును నేడు మీకు విన్నవించెదను.

మొదట రాట్నము సంగతి. ఇది పాశ్చాత్యులు మనకిచ్చిన వస్తువని కొందఱు తలతురు. 1615వ సంవత్సరమున పీట్రో డెల్లా వాల్లె యను ఇటలీ దేశపు యాత్రికుడు కాన్‌స్టాంటినోపుల్ నగరమున, రంజాను పండుగ వేడుకలలో, మనుష్యుల నెత్తుకొని తిరుగు పెద్ద చక్రమును చూచి, తానును ఎక్కి, యా ముచ్చట వ్రాసి యుంచెను. అమెరికాలో జార్జి ఫెర్రిస్ అను ఇంజనీరు ఇనుముతో 264 అడుగుల చక్రమును నిలిపినది 1893లో చికాగో ప్రదర్శనమున. దానికి 36 గదులు. గదికి 60 మంది. ఆ ప్రదర్శన సందర్భముననే సర్వమతసభ జరిగెను; వివేకానందస్వామి యందు ప్రసంగించిన సంగతి మీ రెఱుగుదురు. కావున చక్రము పండుగలలో పుట్టి, తరువాత నినుప రూపము దాల్చినది.

ప్రహరీయు టిక్కెట్టును తరువాత వచ్చినవి. డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగన్‌లో 1843లో టివోలీ యను ఉద్యానము తెఱువబడెను. దీపములు, సంగీతము, పూలతోటలు, భోజనశాలలు నందు కలవు. అమెరికాలో న్యూయార్కు చెంత కోనీ ద్వీపమున 1895లో పాల్ బాయ్‌టన్ అనునతడు కంచె కట్టి, లోపలికి వచ్చుటకే రుసుము పెట్టెను. అంతకుముందు ఆటకొక డబ్బు. అప్పటినుండి అడుగుపెట్టుటకు డబ్బు. ఈ మార్పు చిన్నదిగా తోచును గాని, చూచువాడును చెల్లింపవలసిన కాల మాయెను.

వాల్ట్ డిస్నీ పేరు వినని పిల్లలు నేడు లేరు. ఆయన తన యిద్దఱు కుమార్తెలను లాస్ ఏంజెలిస్ నగరమున గ్రిఫిత్ పార్కుకు తీసికొనిపోవుచుండెడివాడు. పిల్లలు గుఱ్ఱపు రాట్నముపై తిరుగుచుండగా తండ్రి బల్లపై కూర్చుండి వేరుసెనగకాయలు నములుట తప్ప వేఱుపని లేకుండెను. పెద్దలును పిల్లలును కలిసి వేడుక పొందు స్థలమొకటి యుండరాదా యని యాయన కప్పుడే తోచినదట. అట్లు తలచి 1955 జులై 17న కాలిఫోర్నియాలోని యనహైమ్‌లో డిస్నీలాండును తెఱచెను. ఒక్కొక్క భాగమున కొక్కొక్క కథ, ఆ కథకు తగిన వీధులు, వేషములు, పాటలు. దీనినే ఇప్పుడు థీమ్ పార్కు అనుచున్నారు. ప్రపంచమున నింత పేరొందిన వనమునకు మూలము, పెద్దలకు తావు లేకుండుటయను కొఱతయే! ఈ మాట మనము మఱవరాదు.

ఈ వనము సముద్రములు దాటినపుడు ఏమాయెనో చూతము.

1983 ఏప్రిలు 15న జపానులో టోకియో డిస్నీలాండు తెఱువబడెను. దానిని నడుపునది ఓరియంటల్ లాండ్ అను జపాను కంపెనీ. తమకు జపాను తోట వలదు, అచ్చమైన అమెరికా తోటయే కావలెనని వారు కోరిరి. అయినను ఆచారము చాటున ప్రవేశించెను. అచట వానలు మెండు. కావున అమెరికాలో నాకాశము క్రింద నున్న యంగడివీధికి ఇచట కప్పు వేసిరి. పెద్దవయసువారి కోరికపై జపాను భోజనము వచ్చెను. బయటి యన్నము లోపలికి రానీయక పోయినను, ద్వారమునకు వెలుపల మూటలు విప్పుకొని తినుటకు ప్రత్యేకముగా నొక స్థలము నేర్పఱచిరి. మఱియొక విశేషము. యాత్రకు పోయినవాడు ఇంటనున్నవారికిని, ఇరుగుపొరుగువారికిని, తోడి యుద్యోగులకును కానుక తెచ్చుట జపానువారి మర్యాద. దీనిని ఒమియాగె యందురు. తిరునాళ్లనుండి మనము గాజులు, పంచదార చిలుకలు తెచ్చినట్లే గదా! ఆ మర్యాదవలన నచటి యంగళ్లు మిఠాయి పెట్టెలతో నిండినవి. మొదటి యేడే సుమారు కోటిమంది వచ్చిరి.

ఈ విజయముచేత ఏ దేశమునకైన నిట్లే పోవచ్చునని వారు తలచిరి. 1992 ఏప్రిలు 12న ఫ్రాన్సులో పారిసునకు తూర్పుగా మార్న్-లా-వల్లేలో రెండవ పరీక్ష జరిగెను. ఫ్రెంచివారు భోజనముతోడ ద్రాక్షసారాయము పుచ్చుకొనుట తరతరముల యలవాటు; వనములో నది నిషిద్ధమాయెను. ఐరోపావారు తెల్లవారి ఫలహారము మితముగా చేయుదురని యెవరో చెప్పగా ఫలహారశాలలు చిన్నవిగా కట్టిరి; తీరా చూడగా జనులు గుంపులుగా వచ్చిరి. మధ్యాహ్నము నడచుచు దినుట ఇష్టపడక, అందఱు నొక్కసారిగా కూర్చుండి భోజనము చేయవలెననిరి, బల్లలు చాలవాయెను. ఉద్యోగుల గడ్డములను గూర్చియు, వస్త్రధారణను గూర్చియు పెట్టిన నిబంధనలు కోపము కలిగించినవి. ఆర్యాన్ మ్నూష్కీన్ అను నాటక దర్శకురాలు దీనిని సంస్కృతికి చెర్నోబిల్ వంటి విపత్తని నిందించెను. నష్టములు పెరిగినవి. 1993లో సారాయపు నిషేధము తొలగించిరి. 1994లో పేరు మార్చి డిస్నీలాండ్ పారిస్ అనిరి. 1995లో మొదటి లాభము చూచిరి. సారాయము మంచిదని నా యభిప్రాయము కాదు. వచ్చిన యతిథి తన యింట నెట్లు కుడుచునో తెలిసికొనక విందు పిలిచినవాని గతి యిది యని చెప్పుచున్నాను.

హాంకాంగులో 2005 సెప్టెంబరు 12న తెఱచునాటికి వారు పాఠము నేర్చిరి. మనకు వాస్తుశాస్త్ర మున్నట్లు చీనావారికి ఫెంగ్‌షూయి కలదు. ఆ శాస్త్రజ్ఞుల మాట విని ముఖద్వారమును 12 డిగ్రీలు త్రిప్పిరి. వారి భాషలో నాలుగను మాట మృత్యువును తలపించును. కావున హోటళ్లలో నాలుగవ యంతస్తను పేరు పెట్టలేదు. ఎనిమిది శుభము, ఒక విందుశాలను 888 చదరపు మీటరులుగా కట్టిరి. ఇంత చేసియు పంచాంగమున పొరబడిరి. 2006లో చాంద్రమాన సంవత్సరాది సెలవులు హాంకాంగులో ముగిసినను చీనాలో ముగియలేదు. అచటినుండి జనము వెల్లువగా వచ్చెను. టిక్కెట్టు కలిగియు లోపలికి పోలేక కొందఱు కంచె దాటించి పిల్లలను లోపలి కందించిరి. ఇంటి దిక్కు చూచినవారు తిథి చూడకపోయిరి!

2016 జూన్ 16న షాంఘై వనము వచ్చెను. ఇచట అమెరికా పట్టణపు వీధిని విడిచిపెట్టి, నడుమ విశాలమైన తోటలు వేసిరి. చీనాలో బిడ్డతో తల్లిదండ్రులును తాతామ్మలును కలిసి వచ్చుట సాధారణము. ముసలివారు కూర్చుండుటకును, నడచుటకును తోట కావలెనని వారు గ్రహించిరి. చీనా సంవత్సరచక్రమునకు చెందిన పండ్రెండు జంతువులకు చిత్రములు వ్రాయించిరి.

కాని యన్నపుమూట కథ యిచటనే రసవత్తరమైనది. 2019లో న్యాయశాస్త్రము చదువు విద్యార్థిని యొకతె తినుబండారములతో పోగా ద్వారముకడ సంచి వెదకి యాపిరి. ఆమె న్యాయస్థానమున దావా వేసెను. అమెరికాలోను, ఫ్రాన్సులోను ఇదే సంస్థవారి వనములలో సొంత యాహారమునకు ఆటంకము లేదు. ఆసియావారికి మాత్ర మేల యీ నిషేధమని దేశమంతయు నడిగెను. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే నియమము మాఱెను. వేడిచేయ నక్కఱ లేనట్టియు, ఘాటువాసన లేనట్టియు నాహారమును తమకొఱకు తెచ్చుకొనవచ్చుననిరి. ఆమెకు ముట్టిన పరిహారము 50 యువానులు మాత్రమే. కాని కోట్లకొలది మూటలకు దారి తెఱువబడెను.

ఇక మన దేశము. ఢిల్లీలో 1984 నవంబరు 19న అప్పుఘర్ తెఱువబడెను. 1982 ఆసియా క్రీడల గుఱుతైన ఏనుగుపిల్ల యప్పు పేరు దాని కుంచిరి. 2008లో నది మూతపడెను. తెలుగునాట 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వెలసెను. స్థాపకుడు చెఱుకూరి రామోజీరావు మన కృష్ణాజిల్లా పెదపారుపూడివాడు; 2024 జూన్ 8న కాలధర్మము నొందెను. బెజవాడనుండి హైదరాబాదు పోవు దారిలో నున్నందున మనవారు దానిని తఱచు చూచుచున్నారు. మన జనులకు కథ యన సినిమా. కనుక ఆ వనమునకు సినిమాయే యితివృత్తమగుట తగియున్నది. ఈ పాట యిచట తీసిరి, ఆ స్టేషను ఇది యని చెప్పుచు బస్సులో త్రిప్పుదురు. రాట్న మెక్కలేని ముసలివారును బస్సులో కూర్చుండి యువకులతో సమానముగా చూడగలరు. కాలిఫోర్నియాలో యూనివర్సల్ స్టూడియోవారు 1964 మొదలుకొని జనులను బండ్లలో త్రిప్పి చూపుచున్నారు. ఆ పద్ధతి మన యుమ్మడి కుటుంబములకు చక్కగా నమరినది.

నీటియాటల వనములందు వేఱొక చిక్కు. 2016 ఏప్రిలులో హైదరాబాదు చెంత రావిర్యాలలో వండర్‌లా తెఱువబడెను. ఆ యాగస్టుననే కృష్ణా పుష్కరములు వచ్చినవి. పుష్కరఘట్టమున స్త్రీలు చీరలతోనే మునిగిరి. నీటి వనములలో నైలాను వంటి బిగువైన దుస్తు లుండవలెనని నియమము. వదులు వస్త్రము జారుడు గొట్టములలో చిక్కుకొనునను భయము నిజమే. కావున మన పెద్ద స్త్రీలు తఱచు గట్టున సంచులు కాచుచు, చీర కుచ్చిళ్లు కొంచె మెత్తి పాదములు మాత్రము తడుపుకొని తృప్తి పడుదురు. ఇచట నియమము మార్పుమని యడుగుట న్యాయము కాదు, ప్రాణరక్షణ ముందు. గట్టున నీడయు, బల్లయు నుండవలెనని యడుగుట న్యాయము.

ఆహార నిషేధమునకును వారు కారణములు చెప్పుదురు. ఎంగిలాకులు, గాజుసీసాలు, చీమలు, దుర్వాసన. ఇవి యబద్ధములు కావు. లోపలి భోజనశాలల యాదాయము కూడ నొక కారణమని వేఱుగ చెప్పనక్కఱలేదు. మనయందును తప్పు కలదు. నాటి తిరునాళ్లలో విస్తరాకు మట్టిలో కలిసెడిది. నేటి తిరునాళ్ల మఱునాడు మైదానమంతయు ప్లాస్టిక్కు పఱచుకొనుచున్నది. ఊరూర తిరుగు ఇనుప చక్రములను పరీక్షింపక యెక్కించుటయు ప్రమాదకరమే. తిరునాళ్ల ఔదార్యమును వనములును, వనముల శుభ్రతను, యంత్రరక్షణను తిరునాళ్లలును నేర్చుకొనవలెను.

చరిత్ర చెప్పిన సమాధాన మిది: నిలిచిన వనములు జనులకు కొంత లోబడినవి. అయితే తమంత తాము లోబడలేదు. జపానులో పెద్దలు కోరిరి, ఫ్రాన్సులో జనులు మొగము త్రిప్పుకొనిరి, షాంఘైలో నొక విద్యార్థిని దావా వేసెను. అడుగనివారి కెవరును బల్ల వేయలేదు.

కావున మనుమలు మిమ్ము తీసికొనిపోయెదమన్నప్పుడు, "నేనెందుకురా, మీరు పోయిరండు" అని యింట నుండిపోవలదు. బయలుదేరకముందే మూడు మాట లడిగింపుడు: వెంట తెచ్చుకొన్న యన్నము తినుటకు చోటున్నదా? ముసలివారు కూర్చుండుటకు నీడ యున్నదా? ఆట లాడనివారికి టిక్కెట్టు తగ్గింపు కలదా? ఒకరడిగిన వినకపోవచ్చును, వందమంది యడిగిన నియమము కదలును. మా మేనత్తగారు నాడు ప్రహరీనీడను కూర్చున్నది గాని యీ మాట లడుగుటకు మాకు తోచలేదు. సాయంకాలము పిల్లలు వెలుపలికి రాగా ఆమె డబ్బా మూత తీసి, తలకొక ముద్ద పెట్టెను. ఆనాటి వేడుకలలో పిల్లలందఱు నేటికిని చెప్పుకొనునది ఆ ముద్దనే.