రైలు బోగీ అతుకును కాపాడే వాయువు: స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్‌లో ఆర్గాన్ పాత్ర

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి రైల్వే పట్టణం. ఉపాధి కోసం వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. ఆగ్నేయ రైల్వేకు చెందిన అక్కడి వర్క్‌షాపులో బోగీల మరమ్మతు జరుగుతుంది. పాత ఐసీఎఫ్ బోగీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌తో నిర్మించిన ఎల్‌హెచ్‌బీ బోగీలు రావడంతో, రైల్వే వర్క్‌షాపులలో వెల్డింగ్ వాయువు ఎంపిక కీలకమైంది.

వాయువు ఎందుకు?

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఉపరితలంపై పలుచని ఆక్సైడ్ పొరగా ఏర్పడి తుప్పును నిరోధిస్తుంది. కరిగిన లోహానికి గాలి తగిలితే క్రోమియం ఆక్సీకరణం చెంది, ఆ రక్షణ బలహీనపడుతుంది. అందుకే వెల్డింగ్ జరిగే చోట గాలిని తొలగించే వాయువును ప్రసరింపజేస్తారు.

ఏ పద్ధతికి ఏ వాయువు?

టిగ్ వెల్డింగ్‌కు సాధారణంగా శుద్ధ ఆర్గాన్ వాడతారు. మిగ్ పద్ధతిలో ఆర్క్ నిలకడ కోసం ఆర్గాన్‌కు 1–2 శాతం ఆక్సిజన్ లేదా 2–3 శాతం కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. హీలియం చేరిస్తే వేడి పెరిగి, మందమైన రేకులలోనూ అతుకు లోతుగా దిగుతుంది.

సాధారణ ఉక్కుకు వాడే శుద్ధ కార్బన్ డయాక్సైడ్ ఇక్కడ పనికిరాదు. దాని నుంచి కార్బన్ లోహంలోకి చేరుతుంది. సుమారు 450–850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ కార్బన్ క్రోమియంతో కలిసి కార్బైడ్‌గా మారుతుంది. క్రోమియం తగ్గిన రేణువుల అంచుల వెంట తుప్పు మొదలవుతుంది. చూడటానికి అతుకు బాగానే ఉన్నా, లోపల క్షయం సాగుతుంది.

ఉక్కు రకాన్ని బట్టి జాగ్రత్త

ఆస్టెనైటిక్ రకాల టిగ్ వెల్డింగ్‌లో ఆర్గాన్‌కు కొద్దిపాటి హైడ్రోజన్ కలపవచ్చు. ఫెర్రిటిక్, మార్టెన్‌సైటిక్ రకాలకు కలిపితే పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. డ్యూప్లెక్స్ రకాలలో వెల్డింగ్ వేళ కోల్పోయే నైట్రోజన్‌ను భర్తీ చేయడానికి ఆర్గాన్‌కు స్వల్పంగా నైట్రోజన్ చేరుస్తారు.

అతుకును ఎలా పరీక్షించాలి?

వెండి లేదా లేత గడ్డి రంగు మంచి రక్షణకు సూచన. ముదురు నీలం, నలుపు రంగులు గాలి చొరబడ్డాయని తెలుపుతాయి. ఆ రంగును ఆమ్ల చికిత్సతో తొలగించాలి. గొట్టాలకైతే లోపలి వైపు నుంచీ ఆర్గాన్ నింపాలి. వాయు ప్రవాహం తక్కువైతే గాలి చేరుతుంది. మరీ ఎక్కువైతే సుడులు ఏర్పడి గాలినే లోనికి లాగుతుంది. మరమ్మతులో వాయువు ఎంపిక తప్పితే దాని ఫలితం ఆనాడే తెలియదు. బోగీ ఏళ్ల తరబడి పరుగు తీశాక తుప్పు రూపంలో బయటపడుతుంది.