మెదక్ అడవిలో ఒక విశ్రాంతి దినం

అడవి అనగానే మన విద్యార్థుల కన్నులముందు అమెజాన్ మెదలుతుంది. ఎండపొడ సోకని నేల, విడువని వాన, ఆకాశాన్ని కప్పివేసే చెట్లు గల ఆ వర్షారణ్యమే అసలైన అడవి అని వారి అభిప్రాయం. మెదక్ పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న పోచారం అడవి వారి దృష్టిలో చిట్టడవి మాత్రమే. వర్షారణ్యంలో ఒకరోజు నడిచి వచ్చిన యాత్రికులు బడలిక తీరినదని చెబుతారు. ఆ విశ్రాంతి మన అడవిలో దొరకదా?

ఈ ప్రశ్న వెనుక కొంత చరిత్ర ఉన్నది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ 1799 నుండి 1804 వరకు అమెరికా ఖండంలోని ఉష్ణమండల ప్రాంతాలలో సంచరించినాడు. 1808లో వెలువడిన తన ప్రకృతివర్ణన గ్రంథాన్ని ముఖ్యంగా జీవితపు చిక్కులలో నలిగిన మనసులకు అంకితం చేస్తున్నట్లు పీఠికలో చెప్పినాడు. అడవి మనసుకు ఊరట అనే మాట శాస్త్రజ్ఞుల నోట అప్పుడే వినవచ్చినదన్నమాట. 1898లో షింపర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వర్షారణ్యానికి లక్షణం నిర్ణయించినాడు. అది ఏడాది పొడవునా పచ్చగా ఉండవలెను. కనీసం 30 మీటర్ల ఎత్తు పెరగవలెను. లావైన తీగలు, చెట్లకొమ్మలపై పెరిగే మొక్కలు సమృద్ధిగా ఉండవలెను.

మన అడవికి ఈ లక్షణాలు లేవు. 1936లో ఛాంపియన్ భారతదేశపు అడవులను వర్గీకరించినాడు. ఆ పద్ధతి ప్రకారం పోచారం అడవి ఉష్ణమండలపు పొడి ఆకురాల్చు అడవి. ఇక్కడ ఏడాదికి కురిసే వాన 1000 మిల్లీమీటర్లకు లోపే. అందులో అధికభాగం నాలుగు నెలలలోనే కురుస్తుంది. ఆకులోని సన్నని రంధ్రాలగుండా నీరు నిత్యం ఆవిరి అవుతూ ఉంటుంది. వేసవిలో వేళ్లు ఆ నష్టాన్ని పూడ్చలేవు. అందుచేత చెట్టు ఆకులనే వదులుకొంటుంది. వర్షారణ్యంలోనూ ఆకులు రాలుతాయి. కాని అన్నీ ఒక్కసారి రాలవు.

ఈ అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. ఆలేరు వాగుపై కట్టిన పోచారం ఆనకట్ట 1922లో పూర్తయినది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతాల పొలాలకు ఈ చెరువు నీరు పారుతుంది. 1948లో నిజాం పాలన ముగిసినది. 1952లో ఈ అడవి వన్యప్రాణి సంరక్షణ కేంద్రమైనది. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల ఈ ప్రదేశం నేడు మెదక్, కామారెడ్డి జిల్లాలలో వ్యాపించి ఉన్నది. పూర్వం ఒక ప్రభువు వినోదానికి తుపాకితో వెళ్లిన చోటికి నేడు మనం వట్టి చేతులతో విశ్రాంతికై వెళ్లవచ్చు.

ఆ విశ్రాంతికి రుజువేమిటి? 1982లో జపాన్ అటవీశాఖ అడవిలో తీరికగా గడపడానికి 'అటవీ స్నానం' అనే అర్థం వచ్చే పేరు పెట్టి ప్రచారం చేసినది. 1984లో అమెరికాలో ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల వివరాలు ప్రకటించినాడు. వారిలో సగంమందికి కిటికీలోనుండి చెట్లు కనబడేవి, తక్కినవారికి ఇటుకగోడ. చెట్లు కనబడినవారు సగటున 7.96 రోజులకు, గోడ కనబడినవారు 8.70 రోజులకు ఇంటికి వెళ్లినారు. మొదటివారికి నొప్పి తగ్గించే ఘాటైన మందులు కూడ తక్కువే పట్టినవి. ఇది చిన్న పరిశీలన; అడవినడకను గూర్చినదీ కాదు. అయినా ఒక విశేషం గమనింపదగినది. మే 1 నుండి అక్టోబరు 20 వరకు, అనగా అక్కడి చెట్లకు ఆకులుండే రోజులలో చేరిన రోగులనే ఉల్‌రిచ్ లెక్కకు తీసుకొన్నాడు. ఆ చెట్లు కూడ ఆకురాల్చేవే!

ఈ విశేషమే మనకు దారి చూపుతున్నది. సాంత్వన ఇవ్వడానికి అడవి వర్షారణ్యమే కానక్కరలేదు; కాని వెళ్లే కాలం తెలిసి ఉండవలెను. మన పెద్దలు వనభోజనాలకు కార్తీకమాసాన్ని ఎంచుకొన్నారు. కారణమేదైనా, కాలం మాత్రం చక్కగా కుదిరినది. వానలు వెనుకబట్టినా ఆకు ఇంకా రాలదు. చెరువు నిండుగా ఉంటుంది.

గత కార్తీకంలో మేము కొందరు విద్యార్థులతో అక్కడికి వెళ్లినాము. మొదటి గంటసేపు మాటలన్నీ పరీక్షలను గూర్చియే. మోదుగ, నల్లమద్ది, టేకు చెట్ల నడుమకు చేరినకొలది ఆ మాటలు తగ్గినవి. దూరాన ఒక మనుబోతు తలయెత్తి చూచినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రం తిరిగివచ్చునప్పుడు కాళ్లు అలసినవి గాని ముఖాలు అలసిపోలేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. అటవీశాఖ అనుమతితో ఒకే దారిలో పిల్లలను రెండుసార్లు నడిపించండి: ఒకసారి కార్తీకంలో, మరొకసారి ఫాల్గుణంలో. ఏ చెట్టు ఆకు రాల్చినదో, నీడలో ఉష్ణోగ్రత ఎంత ఉన్నదో వారిచేత వ్రాయించండి. ఫాల్గుణంలో వారు చూచే మోడు చచ్చిన చెట్టు కాదు, వానకై ఎదురుచూచే చెట్టు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఎండుటాకులపై నిప్పుపుల్ల పారవేయడు. ఆ అడవి మరొకరికి కూడ విశ్రాంతి ఇవ్వగలిగేది అట్టివారి వల్లనే.