ఒడ్డడం: జూదశాల నుంచి ఫిల్మ్ నగర్ దాకా

పందెంగా పెట్టడం అనే అర్థంలో నిలిచిన ‘ఒడ్డు’ అనే క్రియ అచ్చ తెలుగు మాట. కన్నడంలోనూ ఇదే రూపంలో, ఇదే అర్థంలో వినిపిస్తుంది. ధర్మరాజు రాజ్యాన్నీ తమ్ముళ్లనూ తననూ చివరికి ద్రౌపదినీ జూదంలో ఒడ్డిన కథతో పెనవేసుకున్న ఈ మాట, ‘ప్రాణాలొడ్డి’ అనే పలుకుబడిలో త్యాగాన్ని కూడా సూచిస్తుంది.

సర్వం ఒడ్డిన నిర్మాత అనగానే గుర్తుకు వచ్చేది, ఫిల్మ్ నగర్‌లో స్టూడియో నెలకొల్పిన డి.రామానాయుడు: నష్టాల తరువాత, ఇదీ పోతే సొంతూరు కారంచేడు వెళ్లి వ్యవసాయం చేసుకోవాలని నిశ్చయించుకుని 1971లో ఆయన తీసిన ‘ప్రేమనగర్’ ఘనవిజయం సాధించి ఆయన సంస్థ సురేష్ ప్రొడక్షన్స్‌ను నిలబెట్టింది.

ఇలా సర్వం ఒడ్డడానికి పేకాటలోనూ ఒక పేరుంది: పోకర్ అనే పేకాట టోర్నమెంటులో చేతిలోని చిప్స్, అంటే పందెపు బిళ్లలు, అన్నీ ఒకేసారి ఒడ్డడాన్ని ‘ఆల్ ఇన్’ అంటారు. అయితే బిళ్లలు తక్కువున్నవాడు సర్వం ఒడ్డినా, ఎక్కువున్నవాడు ఒడ్డేది ఆ మేరకే కనుక, ఇద్దరి సాహసాన్నీ ఒకే మాటతో కొలవడం పొరపాటు. బిగ్ బ్లైండ్, అంటే ముక్కలు పంచకముందే పెట్టే తప్పనిసరి పందెం, 1 అనుకుంటే, దానికి 8 రెట్లు ఒకడు ఒడ్డగా, స్మాల్ బ్లైండ్ అనే అర పందెం పెట్టినవాడు తప్పుకున్నాక, బిగ్ బ్లైండ్ పెట్టినవాడు 9.5 కోసం మరో 7 కలపాలి. గెలుపు అవకాశం సుమారు 42 శాతం దాటితేనే అది లాభసాటి. బహుమతి దశ దగ్గరపడినప్పుడు, పోయిన బిళ్లల విలువ గెలిచిన వాటికన్నా ఎక్కువ కనుక, ఇంకా బలమైన ముక్కలు కావాలి.

డబ్బు ఒడ్డి ఆన్‌లైన్‌లో ఇలా ఆడడాన్ని తెలంగాణ 2017లోనే చట్టసవరణతో నిషేధించింది.