గఢ్వాల్ రైఫిల్స్: కందక యుద్ధ చరిత్ర

గఢ్వాల్ రైఫిల్స్ భారత సైన్యంలోని పదాతి దళ రెజిమెంటు. నేటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండ ప్రజలు ఇందులో సైనికులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కందకాల్లో పోరాడి ఈ రెజిమెంటు బ్రిటన్ అత్యున్నత శౌర్య పురస్కారమైన విక్టోరియా క్రాస్ పతకాలు రెండు సాధించింది.

ఆవిర్భావం

1887లో గూర్ఖా రెజిమెంటులో భాగంగా అల్మోరాలో గఢ్వాలీ బెటాలియన్ ఏర్పడింది. అదే ఏడాది కాలుడండా కొండకు తరలింది. తరవాత లాన్స్‌డౌన్‌గా పేరు మారిన ఆ ఊరే నేటికీ రెజిమెంటు కేంద్రం. 1891లో గఢ్వాలీలకు 39వ సంఖ్యతో సొంత రెజిమెంటు వచ్చింది. 1901లో రెండో బెటాలియన్ చేరింది.

ఫెస్టూబేర్, 1914

1914 అక్టోబరులో రెండు బెటాలియన్లూ మీరట్ డివిజన్‌తో ఫ్రాన్స్‌లోని మార్సేయ్ రేవులో దిగాయి. వాటికి అప్పగించిన ఫెస్టూబేర్ ప్రాంతం పల్లపు నేల. రెండు మూడు అడుగులు తవ్వితే నీరు ఊరేది. చలికాలమంతా సైనికులు ఆ బురదలోనే నిలబడాల్సి వచ్చింది. చేతిబాంబులు చాలక జామ్ డబ్బాల్లో మందు కూరి వాడారు.

ఒకే గుండు కందకం పొడవునా దూసుకుపోకుండా కందకాలను మలుపులు మలుపులుగా తవ్వేవారు. అందువల్ల శత్రువు చేతిలోని కందకాన్ని ఒక్కొక్క మలుపూ తిరుగుతూ, బాంబులతో, బాయొనెట్లతో గెలుచుకోవాల్సి వచ్చేది. నవంబరు 23-24 రాత్రి జర్మన్లు ఆక్రమించిన కందకాలను మొదటి బెటాలియన్ ఇలాగే తిరిగి స్వాధీనం చేసుకుంది. నాయక్ దర్వాన్ సింగ్ నేగి తలకు రెండు చోట్ల, చేతికి గాయాలైనా మలుపు మలుపుకూ ముందుండి నడిచాడు. డిసెంబరు 5న ఐదో జార్జి చక్రవర్తి ఆయనకు స్వయంగా విక్టోరియా క్రాస్ అందజేశాడు.

న్యూవ్ షాపెల్, 1915

1915 మార్చి 10న న్యూవ్ షాపెల్ వద్ద జర్మన్ల మీద 35 నిమిషాల ఫిరంగి దాడి తరవాత బ్రిటిష్, భారత పదాతి దళాలు కదిలాయి. మొదటి బెటాలియన్ దారి తప్పి, ఫిరంగులు తాకని ముళ్లకంచె ముందుకు చేరి భారీగా నష్టపోయింది. రెండో బెటాలియన్ రైఫిల్‌మన్ గబర్ సింగ్ నేగి ప్రతి మలుపులోనూ అందరికంటే ముందు అడుగుపెట్టి, జర్మన్లు లొంగిపోయేదాకా తరిమాడు. ఆ పోరులోనే మరణించాడు. ఆయన వయసు 19. మరణానంతరం విక్టోరియా క్రాస్ లభించింది. నాలుగు రోజుల ఈ యుద్ధంలో భారత దళాల్లో సుమారు 4,200 మంది మరణించారు లేదా గాయపడ్డారు. ప్రాణనష్టం వల్ల ఆ ఏడాది రెండు బెటాలియన్లనూ కొంతకాలం ఒకటిగా కలపాల్సి వచ్చింది.

తరవాతి కాలం

1915 చివర్లో భారత పదాతి దళాలు ఫ్రాన్స్ వదిలాయి. రెజిమెంటుకు 1921లో 'రాయల్' బిరుదు దక్కింది. భారతదేశం గణతంత్రమయ్యాక దాన్ని తొలగించారు. పరాయి పాలకుల యుద్ధంలో ప్రాణమిచ్చిన ఈ కొండ యువకులను స్వతంత్ర దేశం కూడా గౌరవంతో తలచుకోవాలి. గబర్ సింగ్ స్వగ్రామానికి దగ్గరలోని చంబాలో ఏటా ఏప్రిల్ 21న ఆయన పేరిట మేళా జరుగుతుంది.