కళ్ళము నుండి ఖజానాకు: బౌరంపేట ముదుసళ్ళ భరణము

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, గండిమైసమ్మ కూడలికి చేరువనున్న బౌరంపేట నేడు ప్రహరీగోడల నడుమ వెలసిన విల్లాలకును, వాటి మూలమున పెరిగిన భూమి ధరలకును పేరుపడినది గాని, రెండు తరముల క్రిందట అది వాన కారును, చెరువు నీటిని నమ్ముకొని బ్రదికిన పల్లె. నిజాముల కాలమున మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. ఆ జిల్లా రాబడి ప్రభువు సొంత వ్యయమునకై ఏర్పడిన సర్ఫ్-ఎ-ఖాసునకు చేరుచుండెను. 1949లో సర్ఫ్-ఎ-ఖాసు ప్రభుత్వమున విలీనమగువరకు ఈ పల్లెల పైకము నగరమునకు పోవుటయే గాని, నగరము నుండి పల్లెలోని ముదుసలి కూలికి నెలనెల భృతి వచ్చు ఆచారము లేదు. మన్సబుదారులకును, సర్కారు కొలువు చేసి విరమించినవారికిని పింఛనులుండెను. అవి దేవిడీలకు, కచేరీలకు సంబంధించిన లోకము.

మరి పల్లెలో వయసు మళ్ళినవారెట్లు బ్రదికిరి? వృత్తులవారికి కళ్ళము ఆధారము. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు తూము కనిపెట్టి పొలములకు నీరు పారించు నీరటి మొదలైన ఆయగాండ్లకు, ధాన్యము తూర్పారబట్టి రాశి పోసిన దినమున, కాపు తన యింటికి బండి కట్టకముందే కొలిచి ఇయ్యవలసిన భాగమునకు మేర యని పేరు. ఆ మేర మనిషికి గాక ఇంటికి చెందుటలోనే దాని విశేషమున్నది. తండ్రి చేయి వణకి బాడిసె దించిన నాడు కొడుకు దానిని పట్టుకొన్నచో కొలత తగ్గదు. ఆ గింజలలోనే ముసలివాని గంజియు నుండును. ఈ యేర్పాటును స్వర్ణయుగముగా వర్ణించువారు కలరు. నేను వారితో ఏకీభవింపజాలను. వెట్టిచాకిరి చేసినవారికిని, అప్పు పత్రము మీద వేలిముద్ర వేసి ఏండ్ల తరబడి దొరల యిండ్ల జీతమున్నవారికిని, కండలు సడలిన పిమ్మట అడుగుటకు హక్కనునది లేకుండెను. దయ యున్నచో తవ్వెడు గింజలు, లేనిచో పస్తు.

కాపు కుటుంబములది వేరొక పద్ధతి. కొడుకులు వేరుపడునప్పుడు పెద్దమనుషులు కూర్చుండి పొలము పంచి, తల్లిదండ్రుల పేర ఎకరమో రెండెకరములో విడిచి, వారిని చూచుకొన్నవానికి వారి యనంతరము అది చెందునని తీర్మానించుట తెలంగాణమున పలుచోట్ల కన్పట్టు ఆచారము. విడుచుటకు భూమి లేనిచో వంతులే గతి: ఈ నెల పెద్దవాని ఇంట, వచ్చు నెల చిన్నవాని ఇంట. బట్టల మూట చంకనిడుకొని, చేతికఱ్ఱ పొడుచుకొనుచు వీధి దాటుచున్న అవ్వను చూచినంతనే ఏ కోడలి వంతు వచ్చినదో వాడకంతయు తెలిసిపోవును. పొలము తన పేర నిలుపుకొన్న తల్లికి దొరకిన మర్యాద వంతుల తల్లికి దొరకుట అరుదు. వార్ధక్యమున అన్నము పెట్టినది ప్రేమ కాదు, పట్టా యని చెప్పినచో వినుటకు కఠినముగా నుండును గాని, అది సత్యమునకు దూరము కాదు.

ప్రభుత్వము వృద్ధులకు పైకమిచ్చుట ఆంధ్రప్రదేశమున 1960 ప్రాంతమున ఆరంభమైనను చాలకాలము కొద్దిమందికే చిక్కెను. 1995 ఆగస్టు 15న కేంద్రము జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును ప్రారంభించి, 65 ఏండ్లు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు ఏర్పఱచెను. తరువాత ఆ వాటా 200 రూపాయలయ్యెను. ఎనుబదేండ్లు నిండనివారికి నేటికిని కేంద్రమిచ్చునది అంతియే. 2009లో వచ్చిన అభయహస్తము యోచన మాత్రము ముచ్చటైనది: మహిళా సంఘ సభ్యురాలు దినమునకొక రూపాయి కూడబెట్టగా ప్రభుత్వము మఱియొక రూపాయి చేర్చి, 60 ఏండ్లు దాటిన పిమ్మట నెలకు కనీసము 500 రూపాయలిచ్చునట్టిది. తెలంగాణ రాష్ట్రమేర్పడిన యేడే, 2014 నవంబరు 8న, ఆసరా ఆరంభమై, 200గా నుండిన వృద్ధాప్య పింఛను 1,000కిని, 2019లో 2,016కును పెరిగెను. జీడిమెట్ల కార్ఖానాలలో యౌవనమంతయు ధారపోసి భవిష్యనిధికి చందా కట్టిన కార్మికునికి ఉద్యోగుల పింఛను పథకము పూచీపడిన కనీస మొత్తము 1,000 రూపాయలే యగుట ఈ చరిత్రలోని వింత.

పింఛను పంపకమునకు వేలిముద్రల యంత్రము వచ్చినప్పుడు మరొక చిక్కు పుట్టెను. నలువదేండ్లు బురదలో నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమిన చేతుల వ్రేళ్ళ గీతలు అరిగిపోవును. యంత్రము వాటిని గుర్తింపకుండెను. అవ్వ వ్రేలిని కొంగుతో తుడిచి మరల నొక్కెడిది, బొటనవ్రేలు విడిచి చూపుడువ్రేలు పెట్టెడిది. తుదకు పంచాయతీ కార్యదర్శి తన వేలిముద్రతో సాక్ష్యము పలుకగా పైకము చేతబడుచుండెను.

వైద్యము సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. రుద్రమదేవి కాలపు మల్కాపురశాసనము (1261) ఆరోగ్యశాలను పేర్కొనుచున్నది. గోలకొండ ప్రభువు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో దారుల్‌షిఫాను కట్టించెను. ఐనను మేడ్చల్ పల్లెలోని పక్షవాత రోగికి అవి యెడ్లబండి చేరలేని దూరమున నుండెను. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవకు కేంద్రస్థానము ఇదే మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ యగుట ఈ ప్రాంతము చెప్పుకొనదగిన విషయము. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చెను. 2024లో కేంద్రము 70 ఏండ్లు నిండిన వారందఱికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఐదు లక్షల రూపాయల ఆసుపత్రి చికిత్సకు భరోసా నిచ్చెను. ఇవన్నియు మంచము పట్టినవాని కొఱకు. మోకాళ్ళ నొప్పికిని, మసకబారిన చూపునకును అయ్యెడు ఖర్చు తఱచుగా పింఛను నుండియే పోవుచుండును.

ఇంతలో భూమియే మాఱిపోయెను. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి నగరమును చుట్టివచ్చెను. 2018లో బౌరంపేట దుండిగల్ పురపాలక సంఘములో చేరెను. గజముల లెక్కన అమ్ముడుపోవు నేలపై కళ్ళము లేదు, మేర లేదు. తల్లిదండ్రుల పేర విడిచిన ఎకరము కోట్ల విలువ చేయుటచే, వారి సంతకమునకు మునుపెన్నడు లేని గిరాకి పుట్టినది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమే వృద్ధులైన తల్లిదండ్రుల పోషణమును సంతానమునకు విధించినను, సివిలు కోర్టు మెట్లెక్కి కొడుకుపై దావా వేయు తల్లులెందఱు? 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము ఆ పనిని రెవెన్యూ అధికారి నడపు ట్రిబ్యునలు చేతికిచ్చెను. బౌరంపేటవారు మల్కాజిగిరి ఆర్డీవో నాశ్రయింపవలెను. నెలకు 10,000 రూపాయల వఱకు భరణము విధించు అధికారము ఆ ట్రిబ్యునలునకు కలదు. ఆ చట్టములోని 23వ సెక్షను, పోషింతుమని ఆస్తి పుచ్చుకొని పోషింపనిచో ఆ దానపత్రమును రద్దుచేయుటకు వీలు కల్పించును. పోషణ షరతు ఉన్నట్లు రుజువు కానిచో ఈ సెక్షను వర్తింపదని సుప్రీంకోర్టు 2022లో చెప్పెను. 2025 జనవరిలో మరొక తీర్పున చట్టమును వృద్ధుల పక్షమున ఉదారముగా అన్వయింపవలెననెను. తీర్పుల సూక్ష్మములను న్యాయవాదులకు విడిచి, సబ్-రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవు పెద్దలు దానపత్రములో ఆ షరతు స్పష్టముగా పడినదో లేదో చదివించుకొని పిమ్మట వేలిముద్ర వేయుట మేలు.