విరామం
‘రమ్’ ధాతువుకు ‘వి’ అనే ఉపసర్గ చేరగా ఏర్పడిన ఈ సంస్కృత పదం ఆగడం, నిలుపుదల అనే అర్థాలలో తెలుగులో స్థిరపడింది. పాణిని అష్టాధ్యాయిలో ‘అవసానం’ అనే పారిభాషిక పదాన్ని, అంటే వర్ణోచ్చారణ ఆగిపోయే స్థితిని, ఈ మాటతోనే నిర్వచించాడు. ఛందస్సులో దీని చరిత్ర మరింత ఆసక్తికరమైనది: సంస్కృత పద్యంలో యతి అంటే పాదంలో గొంతు ఆగే విరామస్థానం కాగా, తెలుగు పద్యంలో ఆ ఆగడం తప్పనిసరి కాకుండా పోయి, పాదం మొదటి అక్షరంతో మైత్రి గల అక్షరాన్ని ఆ చోట నిలపడమే నియమమైంది. కామా వంటి గుర్తులు విరామ చిహ్నాలు. వ్యవహారంలో పని నడుమ దొరికే తెరపిని విరామమంటారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 5 గంటలకు మించి ఏకధాటిగా పని చేయించరాదని, నడుమ కనీసం అరగంట విశ్రాంతి ఉండాలని నిర్దేశించింది. సినిమా మధ్య విరామాన్ని మాత్రం తెలుగు తెరపై ‘విశ్రాంతి’ అని వేయడం వాడుక.