తెరలోపలి మజిలీలు

దోహా నగరమునుండి విమానమెక్కవలసినవాడు హమద్ అంతర్జాతీయ విమానాశ్రయమును కన్నులార చూచి, కాళ్లు నొచ్చునట్లు తిరిగి తెలిసికొనవలసినదే తప్ప వేరు మార్గము లేదని, అది 2014లో తెరవబడిన నాటినుండియు అందరును అనుకొనుచుండిరి. 2022 ఏప్రిల్ నెలలో ఖతార్ ఎయిర్‌వేస్ సంస్థ తన వెబ్‌సైటులో 'క్యూవర్స్' అను నూతన ద్వారమొకటి తెరచెను. టిక్కెట్టు కొనని వాడు సైతము, జగిత్యాలలోనో భీమవరములోనో ఇంటి అరుగుమీద కూర్చుండి, ఆ విమానాశ్రయపు ప్రీమియం చెకిన్ శాలలో సంచరించి, విమానము లోపలికి పోయి, బిజినెస్ తరగతి వారి క్యూసూట్ గదిని, ఎకానమీ తరగతి సీట్ల వరుసలను తనకు తోచిన వైపునుండి పరికించుటకు వీలు కలిగెను. దారి చూపుటకు అచ్చట సమా అను పరిచారిక నిలిచియుండును. అరబ్బీలో సమా అనగా ఆకాశము. ఆమె మానవకాంత కాదు. ఎపిక్ గేమ్స్ వారి అన్‌రియల్ ఇంజను, మెటాహ్యూమన్ క్రియేటర్ అను సాధనములతో తీర్చిన రూపము.

ఇదంతయు ఒక వ్యాపారసంస్థ చేసిన ప్రకటనావిన్యాసమని తోసివేయువారు కలరు. నేను ఆ పక్షమున లేను. చదువవలసిన సమాచారమును నడవదగిన స్థలముగా మార్చవలెనను కోరిక మిక్కిలి పురాతనమైనది. అది అనేక దేశములలో, అనేక రూపములలో పుట్టి, గిట్టి, మరల పుట్టినది. దాని వంశవృక్షమును ఒకసారి తిరగవేసి చూచినచో ఖతారులో నేడు కనిపించు ఈ కొమ్మ ఏ మొదలునుండి వచ్చినదో తెలియగలదు.

తెలుగువానికి ఈ ప్రసక్తి రాగానే మొదట స్ఫురించునది మయసభ. నేల యనుకొని నీట పడిన సుయోధనుని వృత్తాంతము నన్నయ సభాపర్వమునాటినుండి మనకు పరిచితమే. కాని నా అభిప్రాయములో మయసభ సరియైన పోలిక కాదు. అందు ప్రధానమైనది భ్రాంతి. ఉన్నది లేనట్లుగను, లేనిది ఉన్నట్లుగను చూపి మనిషిని తబ్బిబ్బు పరచుట దాని గుణము. మనము చెప్పుకొను వస్తువునకు నిజమైన పూర్వరూపము మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీకథలలో ఉన్నది. గురువును శిష్యుడును కాశికి నడచి పోవుచుందురు; త్రోవలో ఏదో ఒక వింత శిష్యుని కంటబడును; మజిలీ చేరిన పిమ్మట ఆ వింతకు సంబంధించిన కథ గురువు చెప్పును. కథ గ్రంథములోని పుటను పట్టుకొని లేదు, దారిలోని చోటును పట్టుకొని ఉన్నది. దారి గుర్తున్నవానికి కథయు గుర్తుండును. ఈ 'మజిలీ' పదము ఉర్దూ మీదుగా మనకు వచ్చినదే. మూలము అరబ్బీలోని 'మన్జిల్'. ప్రయాణమున దిగి నిలుచు చోటని దానికి అర్థము; ఇల్లనియు వాడుక. నేను దోహా వీథులలో ఆ మాట వినినప్పుడెల్ల దీక్షితులవారు గుర్తునకు వచ్చుచుందురు.

1989లో టిమ్ బెర్నర్స్‌లీ వరల్డ్ వైడ్ వెబ్ వ్యవస్థకు ప్రణాళిక వ్రాసినప్పుడు అతడు ప్రపంచమునకు ఇచ్చినది పుటలనే. పుటనుండి పుటకు లింకు, పుటలో అక్షరములు, తరువాత బొమ్మలు. ఎంత విస్తారమైనను అది గ్రంథమే, స్థలము కాదు. గ్రంథమును స్థలముగా మార్చు యత్నములు మాత్రము అంతకు చాల ముందే ఆరంభమైనవి. ఎడింబరో నగరమున రాబర్ట్ బార్కర్ అను చిత్రకారుడు 1787లో, చూపరిని నడుమ నిలిపి చుట్టును గుండ్రముగా చిత్రపటమును తిప్పి కట్టు పద్ధతికి పేటెంటు పొందెను. 1793లో లండను లెస్టర్ స్క్వేరులో అందుకై ప్రత్యేకమైన భవనమే వెలసెను. దానినే పానోరమా అనిరి. నేడు ఫోనులో మనము చూచు 360 డిగ్రీల ఛాయాచిత్రము దాని మునిమనుమడు. అయితే ఇక్కడ ఒక భేదమును గట్టిగా పట్టుకొనవలెను. పానోరమాలో మనము తిరుగగలము, నడవలేము. తల త్రిప్పినచో దృశ్యము మారును. అడుగు వేసినచో మారదు. ఈ ఒక్క అడుగును సంపాదించుటకు మానవునికి దాదాపు రెండు శతాబ్దములు పట్టినది.

ఆ అడుగు పడిన కథ విచిత్రమైనది, కొంత విషాదముతో కూడినది. 1976లో ఎయిర్ ఫ్రాన్స్ విమానమొకటి అపహరింపబడి ఉగాండాలోని ఎంటెబీ విమానాశ్రయమునకు చేర్చబడగా, బందీలను విడిపింపబోవు ఇజ్రాయేలు సైనికులు ముందుగా ఆ విమానాశ్రయమునకు ఒక నమూనా నిర్మించుకొని, అందు అభ్యాసము చేసి, పిమ్మట అక్కడికి పోయిరి. ఎన్నడును చూడని చోటును ముందే ఎరిగియుండవచ్చునను ఈ సంగతి అమెరికా రక్షణశాఖ పరిశోధనసంస్థను ఆకర్షించెను. నమూనా కట్టుటకు మారుగా కంప్యూటరులోనే ఆ చోటును చూపలేమా యను ప్రశ్న పుట్టెను. దానికి సమాధానముగా 1978 ప్రాంతమున ఎమ్.ఐ.టి. విద్యాసంస్థలోని పరిశోధకులు, ఆండ్రూ లిప్‌మన్ మున్నగువారు, కొలరాడో రాష్ట్రమందలి ఆస్పెన్ అను చిన్న పట్టణమును ఎన్నుకొని, కారుపైన నాలుగు దిక్కులకు నాలుగు కెమెరాలు బిగించి, ప్రతి పది అడుగులకు ఒకసారి చిత్రములు తీయుచు వీథి వీథియు తిరిగిరి. ఆ చిత్రములను లేజర్ డిస్కులపై ఎక్కించి, తెరను వ్రేలితో తాకిన ముందుకు, ప్రక్కకు పోవునట్లు అమర్చిరి. శరత్కాలమున ఉన్న వీథిని మంచు కురియు శీతకాలపు వీథిగా మార్చి చూడవచ్చును. కొన్ని భవనముల ముఖభాగమును తాకినచో వాని పాత ఛాయాచిత్రములు, లోపలి దృశ్యములు వచ్చును. ఆస్పెన్ వీథులలో వ్రేలు మోపినచోట కథ విప్పుకొనెనన్నమాట. ఇది ముమ్మాటికి మజిలీయే. 2007లో గూగుల్ వారు ప్రారంభించిన స్ట్రీట్ వ్యూ ఈ కారు జాడలోనే నడచినది.

ఒక విమానాశ్రయపు నమూనాతో మొదలైన ఈ భావము దాదాపు అర్ధశతాబ్దము పిమ్మట దోహాలో మరల విమానాశ్రయమునే వచ్చి చేరినది. అక్కడ ఆయుధధారులు అభ్యసించిరి. ఇక్కడ ప్రయాణికులు ముందుగా పరిచయము చేసికొనుచున్నారు. ఈ మార్పు నాకు మిక్కిలి సంతోషకరమైనది.

పానోరమా మొదలు స్ట్రీట్ వ్యూ వరకు గల యత్నములు చిత్రములతో చేసినవి. చిత్రము లేకయే, అంకెలతో స్థలమును కట్టు విద్య వేరొక పాయ. 1968లో ఐవన్ సదర్లండ్ తలకు తగిలించుకొను యంత్రమును ప్రదర్శించి, అందు గీతలతో గీచిన ఘనరూపములను తల కదలికననుసరించి కదలునట్లు చేసెను. ఈ విద్యయొక్క కీలకము మనము సులభముగా గ్రహింపదగినదే. తెరమీద కనిపించు గోడ గాని, సీటు గాని, సమా ముఖము గాని వేలకొలది, లక్షలకొలది చిన్న త్రిభుజముల కూర్పు. త్రిభుజమే యెందులకనగా, ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడ కుదురుగా నిలుచునట్లు, మూడు బిందువులు ఎప్పుడును ఒకే తలమున ఇమిడియుండును. నాలుగవది చేరినచో మెలిపడవచ్చును. ఒక్కొక్క కొనకు పొడవు, వెడల్పు, లోతు తెలుపు మూడు అంకెలు. చూపరి ఒక్క అడుగు కదలినచో ఆ అంకెలన్నియు మరల గణింపబడి, కొత్త దృశ్యము గీయబడవలెను. చలనము సాఫీగా ఉండవలెనన్న ఈ పని సెకనునకు 60 పర్యాయములు జరుగవలెను.

అంతర్జాలపు లింకును, ఈ అంకెల స్థలమును కలిపిన సంవత్సరము 1994. మార్క్ పెషీ, టోనీ పరీసీ అనువారు 'లాబిరింత్' అను బ్రౌజరు నిర్మించిరి. ఆ యేడు మే నెలలో జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలయందు జరిగిన మొదటి వరల్డ్ వైడ్ వెబ్ మహాసభలో దీనిని గూర్చి చర్చ జరిగినది. ఇట్టి లోకములను వర్ణించు భాషకు డేవ్ రాగెట్ వి.ఆర్.ఎమ్.ఎల్. అని పేరు పెట్టెను. దాని స్వరూపము నాకు నేటికిని ముచ్చట గొలుపును. గోళము కావలెనన్న గోళమనియు, దాని వ్యాసార్ధము ఇంత యనియు మామూలు అక్షరములలో వ్రాసిన చాలును. బ్రౌజరు చదివి గోళమును తెరమీద నిలుపును. ఒక తలుపు గీచి, దానికి లింకు తగిలించినచో, తలుపు నొక్కినవాడు వేరొక కంప్యూటరులో, బహుశః వేరొక ఖండములో ఉన్న మరియొక లోకమున ప్రవేశించును. పుటలకు లింకులున్నట్లు గదులకు ద్వారములు. 1997లో ఈ భాషకు అంతర్జాతీయ ప్రమాణముగా ముద్ర కూడ పడినది.

అయినను అది నిలువలేదు. ఆనాటి మోడెము సెకనునకు 28,800 బిట్లు తెచ్చెడిది. ఒక మెగాబైటు పరిమాణముగల లోకము ఇంటికి చేరుటకు దాదాపు అయిదు నిముషములు పట్టును. చేరిన పిమ్మటను బలహీనములైన కంప్యూటర్లలో దృశ్యము ఈడ్చుకొనుచు కదలును. బ్రౌజరునకు వేరుగా ప్లగ్-ఇన్ అను ఒక తోక తగిలింపవలసి వచ్చును. వీనికంటె లోతైన కారణము మరియొకటి ఉన్నదని నా నమ్మకము. ఆనాటి ఉత్సాహవంతులు ప్రతి విషయమును నడకగా మార్చదలచిరి. రైలు వేళ తెలిసికొనగోరినవాడు స్టేషను ఆవరణమంతయు దాటి పోవ నిచ్చగింపడు. అతనికి పట్టిక చాలును. నడచుట యుక్తమైనది ఆ చోటే విషయమైనప్పుడు: గుడి, కోట, వీథి, విమానము, చూడబోని ఊరు.

ఆ పిమ్మటి చరిత్రను త్వరగా దాటవచ్చును. మొజిల్లాకు చెందిన వ్లదిమిర్ వుకిచెవిచ్ 2006లో బ్రౌజరులోనే ఘనరూపములను గీయు ప్రయోగము చేసెను. అది 2011లో వెబ్‌జి.ఎల్. ప్రమాణమైనది. తోకలు తొలగినవి. 2010లో వచ్చిన త్రీ డాట్ జె.ఎస్., 2015లో వచ్చిన ఏ-ఫ్రేమ్ అను సాధనములు ఈ పనిని విద్యార్థులకు సైతము అందుబాటులోకి తెచ్చినవి. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ సంస్థ మెటా అని పేరు మార్చుకొనగా లోకమంతయు ఒక్కసారిగా ఈ వైపు తిరిగినది. క్యూవర్స్ జన్మించినది ఆ వేడిలోనే.

అయితే ఖతారు ఈ దారిలో కాలు పెట్టినది 2022లో కాదు. దోహా కార్నిష్ తీరమునకు ఆవల కృత్రిమద్వీపముపై ఐ.ఎమ్. పే నిర్మించిన ఇస్లామిక్ కళా మ్యూజియము 2008లో తెరవబడి, 2012లో గూగుల్ వారి కళాప్రదర్శన ప్రణాళికలో చేరినది. దోహా కేంద్రముగా గల అల్ జజీరా సంస్థ 2017లో కాంట్రాస్ట్ వి.ఆర్. అను శాఖను నెలకొల్పి, బంగ్లాదేశమందలి రోహింగ్యా శరణార్థుల శిబిరము మధ్యకు ప్రేక్షకుని గొనిపోయి నిలిపెను. వార్తను చదువుటకును, వార్త నడుమ నిలుచుటకును గల అంతరము అట్టి చిత్రములు చూచినవారికి చెప్పనక్కరలేదు.

ఈ దేశమున ఇటుక, కాంక్రీటులతో కట్టిన భవనములే ఈ భావమును పుణికి పుచ్చుకొన్నట్లు నాకు తోచును. 2018లో అధికారికముగా ప్రారంభింపబడిన ఖతారు జాతీయ గ్రంథాలయములో రెమ్ కూల్‌హాస్ అరలను మెట్లుమెట్లుగా పైకి లేపి, అంతయు ఒకే గదిగా అమర్చెను. ప్రవేశించినవానికి పుస్తకములన్నియు కొండచరియవలె ఒక్క చూపున కనిపించును. 2019 మార్చిలో తెరవబడిన జాతీయ మ్యూజియమును జ్యాఁ నూవెల్ ఎడారిగులాబి యను ఇసుకస్ఫటికపు ఆకృతిలో, 539 పళ్లెములు ఒకదానిలోనొకటి గుచ్చుకొన్నట్లు రచించెను. లోపల దారి కిలోమీటరున్నర. గోడలు నిటారుగా ఉండవు. ఆ వాలుగోడలపై, నేలనుండి కప్పువరకు, చలనచిత్రములు ప్రసరించుచుండును. సముద్రమునుండి ముత్యములు వెలికితీయు పడవలవారి చిత్రము నడచుచుండగా నేను దాని ముందునుండి పోయినప్పుడు, ఒక పసివాడు తండ్రి చేయి విడిపించుకొని, గోడమీది అలలో చేతులు ముంచబోయెను. చేయి గోడకు తగిలినది; వాడు నవ్వి మరల ప్రయత్నించెను.

సమా కథయు క్యూవర్స్ తోనే ఆగలేదు. 2024 మార్చిలో బెర్లిను పర్యాటక ప్రదర్శనలో ఆమె కృత్రిమమేధతో ప్రశ్నలకు సమాధానములిచ్చు హోలోగ్రాముగా అవతరించినది. మునుపు మనము ఆమె ఉన్న చోటికి పోవలసియుండెను. ఇప్పుడు ఆమెయే మనమున్న చోటికి వచ్చినది.

ఇక నేను కన్నులార చూచినదొకటి. మా పరిచయస్థుడు, జగిత్యాల ప్రాంతపువాడు, దోహాలో పని చేయుచున్నవాడు, ఒక శుక్రవారము ఫోనులో తల్లికి ఇచ్చటి ప్రదర్శనశాల యొకదాని త్రిమితీయ దృశ్యమును చూపుచుండెను. ఆమె వచ్చి చూచు అవకాశము లేదు; మోకాళ్ల నొప్పులు. కొడుకు ఒక్కొక్క గదిలో నిలిచి చెప్పుచుండగా ఆమె మిక్కిలి శ్రద్ధతో వినుచుండెను. ఒకచోట మూల తలుపొకటి కనిపించినది.

"ఆ దర్వాజ తీసి లోపటికి పో బిడ్డా" అన్నది ఆమె.

"అది తెర్సుకోదమ్మా. గంతవరకే ఉన్నది."

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే నువ్వుండే రూము జూపియ్యి. అది యాడున్నదో సూస్త" అన్నది.

ఆ గది ఏ వెబ్‌సైటులోను లేదు. అతడు లేచి, చెప్పులు తొడుగుకొని, ఫోనును ముఖమునకు ఎదురుగా గాక ముందరికి తిప్పి పట్టుకొని, మెట్లెక్కి, వరండా దాటి, తలుపు తెరచెను. రెండంతస్తుల ఇనుపమంచములు, మేకుకు వ్రేలాడు డ్యూటీ చొక్కా, కిటికీలో బియ్యపు సంచి, గోడకు తెలుగు క్యాలెండరు. ఒక్కొక్క దానివద్ద ఆగి అతడు దాని కథ చెప్పుచుండెను; "ఇంకొంచెం ముంగటికి పో" అని ఆమె అనుచుండెను.